పక్కన కూర్చుని పని నేర్పిన బడాబాబు గారు

మా బడాబాబు గారు పోయారన్న కబురు ఈ చలికాలంలో ఒక మంగళవారం పొద్దున, ఆఫీసు తెరిచిన కాసేపటికి ఫోనులో వచ్చింది. చేసింది వాళ్ల పెద్దమ్మాయి. తెల్లారి టీ పట్టుకెళ్లి లేపితే లేవలేదట. నిద్రలోనే వెళ్లిపోయారు. ఫోను పెట్టేసి సెక్షన్ వైపు తిరిగాను. నోరు విప్పకముందే పాతవాళ్లకి అర్థమైంది. ఆయన దగ్గర ఒక్కరోజు కూడా పనిచెయ్యని కొత్తవాళ్లు కూడా కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసుల్లో హెడ్ క్లర్కుని బడాబాబు అంటారు. పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు, ఆ తరవాత నేను కూర్చున్నాను. అయినా మా ఆఫీసులో ఉత్త 'బడాబాబు' అంటే ఇప్పటికీ ఆయనే. నన్ను 'దీదీ' అంటారు. అది నాకు ఎప్పుడూ తక్కువగా తోచలేదు.

ఇది చదివేవాళ్లలో చాలామంది ఎక్కడో అక్కడ నలుగురికి పైన ఉండే ఉంటారు. ఆఫీసులోనో, బళ్లోనో, దుకాణంలోనో. కింది వాళ్లతో ఎలా నడుచుకోవాలో చెప్పే తరగతులు ఈమధ్య మాకూ పెడుతున్నారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. బోర్డు మీద రాసినవి మంచి మాటలే, కాదనను. అవి వింటున్నంతసేపూ నాకు మాత్రం ఒక పొట్టి మనిషి, లావు కళ్లద్దాలు, పొట్టి చేతుల తెల్ల చొక్కా కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

నేను ఈ ఊరికి పెళ్లయి వచ్చినదాన్ని. మాది విజయనగరం పక్కన పల్లె. మా వారు వర్క్‌షాపులో ఫిట్టరు. ఎనభైల మొదట్లో పచ్చకామెర్లు వచ్చి పోయారు. మా పాప అప్పటికింకా పాకుతోంది. ఉద్యోగి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగమిచ్చే పద్ధతి రైల్వేలో ఉంది కదా, ఇంటర్ పాసయ్యాను కనక నన్ను టైం ఆఫీసులో క్లర్కుగా తీసుకున్నారు. వర్క్‌షాపు పనివాళ్ల హాజరు, సెలవులు చూసే ఆఫీసు అది. సెక్షన్లో నేను తప్ప అంతా మగవాళ్లే. సగం మంది బెంగాలీలు, తక్కినవాళ్లు తెలుగువాళ్లు, ఒడియావాళ్లు.

చేరిన రోజున వాళ్లు నన్ను చాలా మర్యాదగా చూశారు. ఫ్యాను కింద కుర్చీ వేశారు. అందరూ అన్నా అన్నట్టు మిత్రా దా అని పిలిచే సీనియరు క్లర్కు తన చేత్తోనే టీ తెచ్చి పెట్టి, "బోసో దీదీ, బోసో" అన్నాడు. కూర్చోమని. మర్నాడూ అంతే. పని ఏమైనా ఇవ్వమని అడిగితే తొందరేముంది, ముందు కొంచెం కుదుటపడండి అన్నారు. వాళ్లది నిజంగా మంచితనమే. కానీ ఆ కుర్చీలో నేను పరామర్శకి వచ్చి లేవడం మరిచిపోయినదాన్లా ఉండేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్తే మా అత్తగారు ఏటి పని సేసినావని అడిగేది. ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

బడాబాబు గారు అప్పుడు సెలవు మీద శ్రీకాకుళం వెళ్లి ఉన్నారు. తిరిగొచ్చిన రోజు పొద్దున ఆయన అలవాటు మొదటిసారి చూశాను. తన కుర్చీలో కూర్చోకముందే ప్రతి బల్ల దగ్గరా ఒకసారి ఆగేవారు. పని సంగతి ఎత్తేవారు కాదు. ఒకరిని తల్లి మోకాలి నొప్పి గురించి, ఇంకొకరిని ఇంటి పైకప్పు కారడం గురించి అడిగేవారు. ఏ మాట ఎవరితో ఆపారో మర్నాడు అక్కడినుంచే అందుకునేవారు. అలా అందరినీ పలకరిస్తూ నా దగ్గరకి వచ్చారు.

"ఏటమ్మా, ఏటి పని సూస్తున్నావు?"

"ఏమీ లేదండి" అన్నాను.

తలాడించి వెళ్లిపోయారు. అంతేనా అనుకున్నాను. మధ్యాహ్నం మిత్రా దాను వరండాలోకి తీసుకెళ్లి ఏదో మాట్లాడారు. లోపలికి వచ్చాక మిత్రా దా సెలవు దరఖాస్తుల కట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అతని మొహంలో కొంచెం సిగ్గు కనపడింది. వరండాలో ఏమన్నారో చాలా ఏళ్ల తరవాత మిత్రా దాయే చెప్పాడు. "మీకు జాలి ఉంది, మంచిదే. పని ఇయ్యకుండా జీతమిస్తే ఆ పిల్ల దాన్ని ముష్టి అనుకుంతాది" అన్నారట.

ఆ మధ్యాహ్నం ఆయన ఒక స్టూలు లాక్కొచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. సెక్షన్లో ఎవరికి ఏది నేర్పాలన్నా, ఎవరి తప్పు సరిదిద్దాలన్నా ఆయన పద్ధతి అదే. మనిషిని తన బల్ల దగ్గరకి పిలిచేవారు కాదు. పిలిస్తే సెక్షన్ మొత్తం చెవులు కూడా వెంట వస్తాయనేవారు. ఇంకో సంగతి. ఎదుటివాళ్ల చేతిలోంచి ఆయన కలం తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను తప్పు గడిలో రాస్తే "మళ్లీ సూడు" అనేవారు, అంతే. తప్పు నాకు కనపడేదాకా కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవారు. ఆయన చేస్తే అరక్షణంలో అయిపోయే పని. ఆ అద్దాలకి అంత తుడుపు అవసరం లేదని నాకు తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

పని చేతికి వచ్చాక నన్ను సెలవుల కిటికీలో కూర్చోబెట్టారు. కిటికీ అవతల వర్క్‌షాపు పనివాళ్లు వరసగా నిలబడేవాళ్లు. డ్యూటీ మధ్యలో గబగబా వచ్చేవాళ్లు, చేతులకి గ్రీజు, మనసులో ఏదో తొందర. మా సెక్షన్లో కొందరికి అది నచ్చలేదు. ఆడమనిషిని కిటికీలో పెట్టడమేమిటన్నారు. ఆయన వాళ్లతో వాదించలేదు. నాతో మాత్రం ఒకటి చెప్పారు. "ముందు మడిసి ఎందుకొచ్చినాడో పూర్తిగా ఇను. రూలు ఎక్కడికీ పోదు, తరవాత సెప్పొచ్చు."

ఒకరోజు వర్క్‌షాపులో బరువులు మోసే ఒక పెద్ద వయసు ఖలాసీ వచ్చాడు. మన శ్రీకాకుళం వైపు మనిషే. తమ్ముడి కూతురి పెళ్లికి ఊరెళ్లాలి. అతని ఖాతాలో సెలవులు అయిపోయాయి. ఆ మాట నేను చెప్పేసరికి గొంతు పెంచాడు. లోపల మగాడెవడూ లేడా, ఆడమనిషితో తనకి మాటలేమిటన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. సెక్షన్లో అందరూ బడాబాబు గారి కుర్చీ వైపు చూశారు. కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంక చేసేదేముంది. "ఉన్నది నేనే పెదనాన్నా" అన్నాను. "జీతం సెలవు లేదు. జీతం లేని సెలవు పెట్టుకుంటే ఈరోజే పైకి పంపిస్తాను. పెళ్లికి అందుకుంటావు."

అతను కిటికీకి దగ్గరగా వంగాడు. తరవాత గొంతు తగ్గించి, అది ఎలా రాయాలని అడిగాడు. చెప్పాను. సంతకం పెట్టి వెళ్లాడు. వరసలో తరవాతి మనిషి నన్ను అమ్మా అని పిలిచి మాట మొదలుపెట్టాడు. అప్పుడు ఏదో చప్పుడైతే వెనక్కి చూశాను. బడాబాబు గారు నా వెనక బీరువా పక్కనించి వచ్చి తన కుర్చీ వైపు వెళ్తున్నారు. జరిగినంతసేపూ ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.

నాకు కష్టమనిపించింది. సాయంత్రం అడిగేశాను, అక్కడే ఉండి ఒక్క మాట సాయం రాలేదేమని.

"నాను ముందుకొస్తే రేపట్నుంచి నీ కిటికీ కాడికి ఎవులూ రారమ్మా. అందరూ నా బల్ల కాడికే వస్తారు" అన్నారు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆడు ఇంకొక్క మాట అనుంటే వచ్చీసుందును" అన్నారు.

ఇద్దరు పై అధికారుల దగ్గర పనిచేశాక ఈ మాట విలువ నాకు ఇంకా బాగా తెలిసింది. కొందరు మనల్ని అసలు పట్టించుకోరు. కొందరు అన్నిటికీ అడ్డం వచ్చి మనల్ని చేతకానివాళ్లని చేస్తారు. బీరువా పక్కన నిలబడి ఊరుకోవడానికి ఎంత ఓపిక కావాలో నేను ఆ కుర్చీలోకి వచ్చాక గానీ తెలుసుకోలేదు.

ఆయనలో లోపాలు లేవని కాదు. బెంగాలీ ముప్పై ఏళ్లుగా మాట్లాడుతున్నా ఆయన బెంగాలీకి బెంగాలీలే నవ్వేవాళ్లు. పై ఆఫీసర్ల ముందు మాట తడబడేది, చెప్పాల్సింది సగం మింగేసేవారు. ఒక మాట పట్టారంటే వదిలేవారు కాదు. ఆ మొండితనమే ఒకసారి ఆయనకి చాలా ఖరీదైంది. అది మిత్రా దా విషయంలో.

మిత్రా దా సెక్షన్లో అందరికన్నా గట్టి పనిమంతుడు. గడియారం చూడకుండా అతను వచ్చాడంటే టైమయిందని చెప్పొచ్చు. అలాంటివాడు ఒక వానాకాలం నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వచ్చినా కళ్లు ఎర్రగా, గడ్డం మాసి ఉండేవాడు. అడిగితే కసురుకునేవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన ఆఫీసరు మరీ పద్ధతి మనిషి. చెడ్డవాడు కాదు, అన్నీ కాగితం మీద ఉండాలనుకునేవాడు. మిత్రా దా మీద రిపోర్టు రాయమని బడాబాబు గారికి చెప్పాడు.

మా ఆఫీసులో గదులకి గోడలు సగం వరకే ఉండేవి. మాటలు వినపడేవి. బడాబాబు గారు తన తడబడే హిందీలో ఏమన్నారంటే, ఈ మనిషి ఇన్నేళ్లు టైముకి వచ్చాడు, ఇప్పుడెందుకు రాలేకపోతున్నాడో తెలియకుండా రాస్తే అది సగం రిపోర్టే అవుతుందని. కొంచెం గడువు అడిగారు. పని వెనకబడితే జవాబు మీరే చెప్పాలన్నాడు ఆఫీసరు. "ఠీక్ హై, సర్" అన్నారు ఈయన.

ఆ ఆదివారం ఆయన ఇందా అనే పేటలో మిత్రా దా ఇంటికి వెళ్లారని మాకు తరవాత తెలిసింది. ఏం చూశారో, ఏం మాట్లాడారో ఎవరికీ చెప్పలేదు. సోమవారం నుంచి మిత్రా దా పదకొండింటికి వచ్చి, అందరూ వెళ్లాక కూడా ఉండి పనిచేసేలా ఏర్పాటు చేశారు. పొద్దుటి పూట అతని పని మా అందరి మీదా పడింది. అందులో ఎక్కువ భాగం ఆయనే తీసుకున్నారు. అయినా సణుగుడు మొదలైంది. మాకూ ఇళ్లల్లో కష్టాలు లేవా, అతనికేం ప్రత్యేకమని.

ఒక సాయంత్రం ఆయన గోల్‌బజార్ నుంచి మరమరాలూ, బజ్జీల్లాంటి వేడి వేడి చాపులూ తెప్పించి మమ్మల్ని కూర్చోబెట్టారు. మిత్రా దా ఏదో పని మీద బయటికెళ్లి ఉన్నాడు. పొట్లాలు అందరికీ అందాక చెప్పారు.

"ఆయనకేటైందో నాను సెప్పను. రేపు మీలో ఒకలికి కష్టమొస్తాది. అప్పుడు మీకూ ఇలాగే సేస్తాను. అదేటో మిగతోలకి అప్పుడూ సెప్పను."

అందరం పొట్లాల్లోకి తలలు వంచి మరమరాలు నమిలాం. సణుగుడు ఆ రోజుతో ఆగిపోయిందని అబద్ధం చెప్పను. కానీ ఆ తరవాత గట్టిగా ఎవరూ అనలేదు. నాకు మాత్రం ఆ మాటతో ఒక ధైర్యం వచ్చింది. నాకేమైనా అయితే చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు, చెప్పుకున్నది అక్కడే ఆగుతుంది.

పని వెనకబడింది. ఆఫీసరు అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు బడాబాబు గారికి పెద్ద ఆఫీసుకి ప్రమోషన్ రావాలి. ఆయన కన్నా చిన్నవాడికి వచ్చింది. ఆ రోజు కూడా పొద్దున్నే బల్ల బల్లకీ ఆగి పలకరించారు. నేను ఆగలేక, మీకు బాధగా లేదా అని అడిగాను. "ఉంది" అన్నారు. "మా ఆవిడకి ఇంకా సెప్పలేదు. అదీ భయం." అలా అని నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

మరుసటి ఏడాది మిత్రా దా మళ్లీ వేళకి రావడం మొదలుపెట్టాడు. ఎందుకు మానాడో, ఎందుకు మొదలుపెట్టాడో మేమూ అడగలేదు.

ఆయన రిటైరయ్యే ముందు చేసిన ఒక పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎప్పుడూ సెలవు పెట్టని మనిషి ఉన్నట్టుండి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. ఒంట్లో బాగానే ఉంది. తను లేకపోతే సెక్షన్ నడుస్తుందో లేదో చూద్దామని. రెండు రోజులు ఎలాగో ఆగారట. మూడోనాడు ఉండబట్టలేక గోల్‌బజార్ చేపల దుకాణాల దగ్గర మిత్రా దా కోసం కాపు కాశారు. ఆఫీసెలా ఉందని అడిగితే మిత్రా దా మొహమాటం లేని మనిషి కనక, బాగా నడుస్తోంది, మీరు గుర్తు కూడా రాలేదన్నాడు. ఆయన సంతోషం పట్టలేక పెద్ద రుయి చేప కొన్నారు. చిన్న సంసారానికి అంత చేపేమిటని వాళ్లావిడ చేత చివాట్లు తిన్నారు. తను లేకుండా సాగకూడదని చూసుకునేవాళ్లనే నేను ఎక్కువ మందిని చూశాను. తనను మరిచిపోయారని చేప కొనుక్కున్న మనిషిని ఒక్కరినే చూశాను.

తొంభైల మొదట్లో రిటైరయ్యారు. ఆ సాయంత్రం సభ పెట్టాం. దండలు వేశారు, యూనియన్ వాళ్లు మాట్లాడారు. మిత్రా దా వంతు వచ్చింది. దండ వేశాడు గానీ రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. అప్పుడు ముందు వరసలోంచి అతని భార్య లేచింది. ఎర్ర అంచు తెల్లచీర కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని ఉంది. ఆమెని మేమెవరమూ అంతకు ముందు చూడలేదు. నెమ్మదిగా బెంగాలీలో మాట్లాడింది.

"కొన్నేళ్ల కిందట నాకు మనసు చెదిరింది. నన్ను ఒంటరిగా వదిలితే గుమ్మం దాటి ఎటో వెళ్లిపోయేదాన్ని. పక్కింటి పెద్దావిడ వచ్చి కూర్చుంటే గానీ ఈయన ఇల్లు కదిలేవారు కాదు. కటక్‌లో డాక్టరుకి చూపించడానికి మాతో రైల్లో వచ్చింది ఈ బాబుగారే. ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వలేదు. అందుకే ఈయన ఇన్నాళ్లూ తలెత్తుకుని మీ మధ్యకి రాగలిగారు. నాకు నయమైంది. కనక ఈరోజు నా సంగతి నేనే చెప్పుకుంటున్నాను."

చెప్పి, బడాబాబు గారి కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డారు. సభలో నా పక్కన కూర్చున్న మనిషి, ఒకప్పుడు అందరికన్నా ఎక్కువ సణిగినవాడే, ఒళ్లో చేతులు పెట్టుకుని తల వంచుకున్నాడు.

ఆ తరవాత నన్ను సెక్షన్‌కి పెద్దని చేసినప్పుడు భయం వేసి పూరీ గేట్ దగ్గర ఆయన ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ వరండాలో కత్తిపీట ముందేసుకుని అరటిపువ్వు ఒలుస్తోంది. నా కన్నా పెద్దవాళ్ల చేత పని ఎలా చేయించాలని అడిగాను. ఆయన పాఠంలా ఏమీ చెప్పలేదు, ఒకటీ అరా గుర్తొచ్చినట్టు చెప్పారు.

"ఊరికే బాగా సేసినావు అనకు. ఏటి బాగా సేసినాడో అది సెప్పు. నువ్వు సూసినావని ఆడికి తెలియాల" అన్నారు. ఇంకాసేపటికి, "కోపమొస్తే మడిసిని నీ కాడికి పిలవకు. నువ్వే నడిచెల్లు. ఎల్లీలోపల సగం పోతాది" అన్నారు. నాకు కష్టమైతే ఎవరితో చెప్పుకోవాలని అడిగాను. వాళ్లావిడ తల ఎత్తకుండానే అందుకుంది.

"ఆఫీసోల మాటలన్నీ ఇన్నారు. నా మాట ఇనీసరికి నిద్రొచ్చీసీది. నువ్వు మాత్రం అలాగ సెయ్యకమ్మా."

ఆయన నవ్వేశారు, కాదనలేదు. ఆ ముక్క కూడా నేను పాఠంగానే తీసుకున్నాను. ఇంటికెళ్లాక మా పాప మాట ముందు వింటాను, తరవాతే వంటింట్లోకి వెళ్తాను.

కోపం వచ్చినప్పుడు నడిచి వెళ్లమన్న మాట నాకు ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో చెప్పలేను. మా సెక్షన్ పొడుగైనది. నా బల్ల నుంచి చివరి బల్లకి వెళ్లేసరికి అనాలనుకున్న దాంట్లో అనకూడనిది జారిపోతుంది. మిగిలింది పక్కన కూర్చుని చెప్తే అవతలి మనిషి వింటాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి పూరీ గేట్ దగ్గర వాళ్ల సందు నిండిపోయింది. ఆఫీసువాళ్లు కొందరే. ఎక్కువమంది వర్క్‌షాపు పనివాళ్లు, రిటైరైన ముసలివాళ్లు. షిఫ్టు దిగి ఆ బట్టల్తోనే వచ్చినవాళ్లున్నారు. మిత్రా దా, అతని భార్య పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారు. పాడె మోయడానికి వంతులు వేసుకోవాల్సి వచ్చింది. మిత్రా దా ముందు భుజం పట్టుకున్నాడు, మార్చుకోమంటే మార్చుకోలేదు. అందరూ నడిచే వెళ్లారు. ఆడవాళ్లం ఇంటి దగ్గర ఉండిపోయాం.

పొద్దు వాలింది. చలి మొదలైంది. వాళ్లావిడ లోపల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "బయట సైకిళ్లేనా అవన్నీ?" అని అడిగింది. అవునన్నాను.

"తిరిగొచ్చీసరికి సీకటైపోతాది. ఎవులి సైకిలు ఎవులిదో తెలీదు. లైటెయ్యమ్మా" అంది.

లేచి వెళ్లి వరండా స్విచ్ వేశాను. పసుపు దీపం వెలిగింది. గోడ పొడుగునా సందు మలుపు దాకా సైకిళ్లు, ఒకదాని మీద ఒకటి ఒరిగి, హ్యాండిళ్లు పెనవేసుకుని ఉన్నాయి. కొన్నిటికి టిఫిన్ డబ్బాలు ఇంకా వేలాడుతున్నాయి. ఒక్కదానికీ తాళం లేదు.